ఎల్లోస్టోన్ దారిలో మోటారు: ఒక కుటుంబ ప్రయాణపు చరిత్ర

1915 ఆగస్టు 1వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఎల్లోస్టోన్ జాతీయవనము మోటారు కార్లకు ద్వారములు తెరచినది. ఆనాడు కారులో వనము చూడవచ్చిన కుటుంబము ముందుగా రుసుము చెల్లించి, గడియారము సరిచూచుకొని బయలుదేరవలసి యుండెడిది. ఏ మజిలీనుండి ఏ వేళకు కదలవలెనో, తరువాతి మజిలీకి ఏ వేళకు చేరవలెనో ప్రభుత్వమే నిర్ణయించినది. ఆ వేళకు ముందుగా చేరినవారికి జరిమానా. త్వరగా చేరుటయే నేరమైన ప్రయాణమది.

నేడు ఒక కుటుంబము అదే వనమునకు కారులో పోదలచి కాగితము ముందుంచుకొని కూర్చున్నదనుకొందము. ఏ నెలలో పోవలెను? దినమునకు ఎంత దూరము నడుపవచ్చును? తిండి పదార్థములను రాత్రి ఎక్కడ దాచవలెను? వేడినీటి గుండముల దగ్గర పిల్లలను ఎక్కడ నడిపింపవలెను? వీటన్నిటికి సిద్ధముగా సమాధానములున్నవి. కాని ఆ సమాధానములు ఒక్కనాడు పుట్టినవి కావు. ఒక్కొక్క నియమము వెనుక ఒక నష్టమో, ఒక అన్యాయమో, ఒక శాస్త్ర పరిశోధనమో ఉన్నది. ఆ చరిత్ర తెలిసినచో నియమములు బరువుగా తోచవు.

వనము, రైలు, గుర్రపు బండి

ఎల్లోస్టోన్ వయోమింగ్ రాష్ట్రమున చాలభాగమును, మోంటానా, ఐడహో రాష్ట్రములలో కొంతభాగమును ఆక్రమించిన ఎత్తైన పీఠభూమి. దీని వైశాల్యము దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. 1871లో ఫెర్డినాండ్ హేడెన్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ప్రభుత్వ పక్షమున ఈ ప్రాంతమును పరిశోధించినాడు. ఆయన వెంట వెళ్ళిన చిత్రకారుడు థామస్ మొరాన్, ఛాయాగ్రాహకుడు విలియం హెన్రీ జాక్సన్ తెచ్చిన చిత్రములను చూచి ప్రజలు ఆశ్చర్యపడినారు. 1872 మార్చి 1వ తేదీన అధ్యక్షుడు గ్రాంట్ సంతకముతో ఇది జాతీయవనమైనది. ప్రపంచమున ఆ పేరుతో వెలసిన మొదటి వనములలో ఇది ముఖ్యమైనది.

చట్టము చేసినవారు దీనిని మనుష్యులు లేని అడవిగా భావించినారు. అది నిజము కాదు. వేలకొలది ఏండ్లుగా ఆదివాసులు ఇక్కడ వేటాడినారు. నల్లని అగ్నిశిలా గాజును త్రవ్వి బాణపు ములుకులు చేసినారు. టుకుడికా జాతివారు ఈ కొండలలోనే నివసించినారు. వనము ఏర్పడిన తరువాత వారిని వెలుపలికి పంపివేసినారు. 1877లో నెజ్ పెర్స్ జాతివారు సైన్యము తరుముచుండగా ఈ వనము గుండానే తప్పించుకొని పోవుటకు యత్నించినారు. విహారమునకు వచ్చినవారు నడచిన దారులలో కొన్ని అంతకుముందు వీరు నడచి ఏర్పరచినవే.

తొలినాళ్ళలో వనమును చూచుట సంపన్నులకే సాధ్యమైనది. 1883లో నార్తర్న్ పసిఫిక్ రైలుమార్గపు శాఖ వనము ఉత్తరపు అంచు దాపునకు వచ్చినది. అదే ఏడు డాన్ కింగ్‌మన్ అను సైనిక ఇంజనీరు రోడ్ల నిర్మాణమునకు పూనుకొన్నాడు. ఆయన వేసిన పథకము అంకెలలోని ఎనిమిదివలె రెండు చుట్లుగా ఉన్నది. తరువాత హైరమ్ చిట్టెండెన్ దానిని పూర్తిచేసినాడు. నేటికిని కార్లు తిరుగునది ఆ 142 మైళ్ళ చుట్టు దారిలోనే. రైలు దిగిన ప్రయాణికుడు గుర్రపు బండి ఎక్కి, రాత్రులు హోటళ్ళలో బసచేయుచు ఐదారు దినములలో వనము చుట్టివచ్చెడివాడు. రైలు, హోటలు, బండి కలిసి ఒక సామాన్య కుటుంబము భరింపరాని ఖర్చు. సొంత బండి కట్టుకొని, గుడారము వేసికొని, వంట చేసికొనుచు వచ్చెడివారును కొందరు లేకపోలేదు. కాని వారి ఇండ్లు సమీప ప్రాంతములలోనే ఉండవలెను. సెలవులును దీర్ఘముగా ఉండవలెను.

మోటారు రావచ్చునా?

1908లో ఫోర్డు కంపెనీ మోడల్ టి కారును విడుదల చేసినప్పుడు దాని వెల సుమారు 850 డాలర్లు. 1913లో కదిలెడి పట్టాపై కార్లను కూర్చు పద్ధతి వచ్చినది. 1916 నాటికి వెల 360 డాలర్లకు దిగినది. చిన్న రైతు, బడిపంతులు, కర్మాగారపు పనివాడు కూడ కారు కొనగలిగిన కాలము వచ్చినది. వీరికి రైలు కంపెనీ వేళలతో పనిలేదు. ఇల్లు తాళము వేసి, పిల్లలను, వంటపాత్రలను కారులో సర్దుకొని బయలుదేరవచ్చును.

వనపాలకులు దీనిని తేలికగా ఒప్పుకొనలేదు. యోసెమిటీ వనమున 1907లో మోటారును నిషేధించి, 1913లో మరల అనుమతించినారు. మౌంట్ రెయినియర్ వనము 1908లోనే అనుమతించినది. 1912లో బ్రిటిషు రాయబారి జేమ్స్ బ్రైస్ ఒక సభలో మాట్లాడుచు యోసెమిటీలోనికి మోటారును రానిచ్చుటను ఏదెను తోటలోనికి సర్పమును రానిచ్చుటతో పోల్చినాడు. రొదయు, దుమ్మును ఆ ప్రశాంతతను చెరచునని ఆయన భయము.

ఎదుటి వాదము స్టీఫెన్ మేథర్ అను వ్యాపారవేత్తది. ఈయన టంకణ క్షార వ్యాపారమున ధనమార్జించినవాడు. 1917 నుండి 1929 వరకు జాతీయవనముల శాఖకు మొదటి అధిపతి. ప్రజలు చూడని వనమును ప్రజాప్రతినిధులు కాపాడరని ఆయన నమ్మకము. గనులవారు, ఆనకట్టలవారు, కలపవారు కాచుకొని యున్న రోజులవి. సామాన్య కుటుంబములు వచ్చి చూచి ప్రేమించినప్పుడే వనములకు రక్షణ అని ఆయన మోటారును ఆహ్వానించినాడు.

బ్రైస్ భయము నిజమైనది. మేథర్ నమ్మకమును నిజమైనది. తరువాతి నూరేండ్ల కథ ఈ రెండింటి నడుమ జరిగిన బేరమే.

గడియారముతో ప్రయాణము

1915లో మొదటి చిక్కు గుర్రములతో వచ్చినది. ఒకే ఇరుకు దారిలో నాలుగేసి గుర్రములు లాగెడి బండ్లును, చప్పుడు చేసెడి కార్లును పోవలెను. గుర్రము బెదరినచో బండి లోయలో పడును. అందుచేత గుర్రపు బండ్లకు దారిలో ప్రాధాన్యమిచ్చినారు. కార్లు వాటికంటె ముందు, నిర్ణీత వేళలలో కదలవలెను. నిట్రమైన ఎగువలో గంటకు 12 మైళ్ళు, దిగువలో 10 మైళ్ళు మించరాదు. మజిలీకి ముందుగా చేరినచో మొదటి ఐదు నిమిషములకు నిమిషమునకు అర డాలరు చొప్పున జరిమానా. ఇరువదియైదు నిమిషములకంటె ముందు వచ్చినవారిని వనమునుండియే వెళ్ళగొట్టవచ్చును.

తెలుగువారికి ఈ ఉపాయము వింతగా తోచదు. తిరుమల ఘాట్ రోడ్డులో వాహనము కదలిన వేళను చీటీపై గుర్తించి, నిర్ణీత కాలమునకు ముందే అడుగు చేరినవారికి శిక్ష విధించెడి పద్ధతి నడచినది. వేగమును కొలుచు యంత్రము ప్రతి మలుపునను ఉండనక్కరలేదు. దూరము తెలిసినప్పుడు, రెండు చివరల గడియారములే సగటు వేగమును పట్టి ఇచ్చును.

అయినను గుర్రము, కారు కలిసి ఎక్కువ కాలము సాగలేదు. 1917లో గుర్రపు బండ్లను తీసివేసి మోటారు బస్సులను పెట్టినారు. రెండేండ్లలోనే ఒక యుగము ముగిసినది.

కొండమీద మరుగు నీరు

ఆనాటి కుటుంబము ప్రణాళిక వేసికొన్నప్పుడు అన్నిటికంటె ముందు ఆలోచింపవలసినది నీరు. ఎల్లోస్టోన్ దారులు చాలవరకు 7,000 అడుగులకు పైన ఉన్నవి; డన్‌రేవన్ కనుమ దగ్గర 8,800 అడుగులు దాటును. అంత ఎత్తున గాలి పీడనము సముద్రమట్టమున ఉండు దానిలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులే. దీనివలన మూడు ఫలితములు కలుగును.

మొదటిది, నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కక మునుపే మరుగును. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అను ప్రసిద్ధ వేడినీటి చిమ్ము ఉన్నచోట నీరు దాదాపు 93 డిగ్రీలకే మరుగును. ఆనాటి కార్ల రేడియేటరు మూత గాలిని బిగించి ఉంచునది కాదు. ఎగువకు శ్రమపడి ఎక్కెడి ఇంజను నీటిని వేడిచేయగా, ఏడు డిగ్రీల ముందుగానే ఆ నీరు పొంగి ఆవిరియై పోయెడిది. కనుక ప్రతి కారునకును నీటి డబ్బా తప్పనిసరి.

రెండవది, గాలి పలుచన కాగా సిలిండరులో చేరు ప్రాణవాయువు తగ్గి ఇంజను బలమును తగ్గును. మోడల్ టి కారులో పెట్రోలు తొట్టి ముందు సీటు క్రింద ఉండెడిది. పంపు లేదు, పెట్రోలు పల్లమునకు పారునట్లు ఇంజనునకు పారవలెను. తొట్టిలో నూనె తక్కువగా ఉండి దారి నిట్రముగా ఉన్నచో ఇంజను తొట్టికంటె ఎత్తయి పెట్రోలు అందకపోయెడిది. అప్పుడు డ్రైవరు కారును వెనుకకు త్రిప్పి, వెనుక నడకతో కొండ ఎక్కెడివాడు! పిల్లలకు ఇది వినోదము, పెద్దలకు గుండెదడ.

మూడవది వంటకు సంబంధించినది. 93 డిగ్రీల నీటిలో పప్పులు, చిక్కుడు గింజలు త్వరగా ఉడకవు. మంట పెంచినచో నీరు త్వరగా ఇగురును గాని, దాని వేడి పెరుగదు. కట్టెలు, ఓపిక రెండును ఎక్కువగా తీసికొని పోవలెను.

ఇందులో ఒక విశేషమును పాఠకులు గమనింపవచ్చును. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గొట్టములో సుమారు 72 అడుగుల లోతున కొలిచినప్పుడు వేడి 118 డిగ్రీలున్నది. పైనున్న నీటి బరువు అణచిపెట్టుటచేత అంత వేడియైనను ఆ నీరు మరుగదు. పైనుండి కొంత నీరు పొరలిపోగానే అణపు తగ్గును. లోతున నున్న నీరు ఒక్కసారిగా ఆవిరియై పైనున్న దానినంతను చిమ్మును. తరువాతి కాలపు కార్లలో రేడియేటరునకు బిగుతైన మూత పెట్టి, పీడనము పెంచి, నీరు త్వరగా మరుగకుండ చేసినారు. ఇంటిలోని ప్రెషర్ కుక్కరులోని సూత్రమును అదే. ప్రయాణికులు చూడవచ్చిన వింతయు, దారిలో వారిని ఆపివేసిన చిక్కును ఒకే సూత్రమునకు లోబడినవి.

అందరికి తెరవని దారి

కారు దారిని అందరిదిగా చేసినదని చెప్పుట సగము సత్యమే. నల్లజాతి కుటుంబమునకు వనము చేరుటకు ముందు వేయి మైళ్ళ దారి ఉన్నది. ఏ ఊరిలో పెట్రోలు పోయుదురు, ఏ హోటలులో పడక ఇత్తురు, చీకటిపడిన తరువాత ఏ ఊరిలో నిలువరాదు అనునవి వారికి ప్రాణముతో ముడిపడిన ప్రశ్నలు. న్యూయార్కు నగరమున నివసించు తపాలా ఉద్యోగియైన విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో ఇట్టివారి కొరకు ఒక మార్గదర్శిని ప్రచురించినాడు. తమకు చోటిచ్చు ఇండ్లు, హోటళ్ళు, మరమ్మతు దుకాణములు అందులో ఊరూర వ్రాయబడినవి. 1960ల మధ్య వరకు ఆ పుస్తకము వెలువడుచు వచ్చినది.

వనములలోనే భేదము పాటించిన చోట్లును ఉన్నవి. వర్జీనియా రాష్ట్రమున షెనన్డోవా జాతీయవనములో నల్లజాతివారికి లూయిస్ మౌంటెన్ అను ప్రత్యేక విడిది 1939లో ఏర్పరచినారు. 1945లో ప్రభుత్వము ఈ భేదమును తీసివేయుమని ఆదేశించినది; 1950 నాటికి అక్కడ అది పూర్తిగా తొలగినది. పటము మీద ఒకే గీతగా కనిపించు దారి అందరికిని ఒకే దారి కాలేదు.

ఎలుగుబంటి విందు

కార్లతోపాటు తిండియు వచ్చినది. గుడారముల దగ్గర మిగిలిన ఆహారమునకు, హోటళ్ళ చెత్తకు ఎలుగుబంట్లు మరిగినవి. వాటికి తిండి పెట్టరాదని 1902లోనే నియమమున్నను ఎవరును లెక్కచేయలేదు. పైగా వనపాలకులే చెత్తకుప్పల దగ్గర బల్లలు వేయించి, ఎలుగుల విందును చూపెడివారు. రోడ్డు ప్రక్కన తల్లి ఎలుగు పిల్లలతో నిలువగా, కారు కిటికీలోనుండి రొట్టెముక్క అందించుట ప్రతి కుటుంబపు ప్రయాణములోను ఒక ముచ్చటగా ఉండెడిది.

దాని వెల పెద్దది. 1931 నుండి 1969 వరకు ఈ వనములో ఏడాదికి సగటున 48 మంది ఎలుగులవలన గాయపడినారు. 1959 నుండి క్రెయిగ్‌హెడ్ సోదరులు గ్రిజ్లీ ఎలుగులను పరిశోధించినారు. వాటి మెడకు రేడియో పట్టీలు కట్టి అవి ఎక్కడెక్కడ తిరుగునో కనుగొన్నారు. 1970 ప్రాంతమున చెత్తకుప్పలను మూసివేయ నిశ్చయించినప్పుడు, ఒక్కసారిగా మూయవద్దని, క్రమముగా మాన్పింపవలెనని వారు హెచ్చరించినారు. అధికారులు త్వరపడినారు. చెత్తకు మరిగిన ఎలుగులు గుడారముల మీదికి వచ్చి, పెక్కు చంపబడినవి. 1975లో గ్రిజ్లీని ఆపదలోనున్న జంతువుల పట్టికలో చేర్చవలసివచ్చినది.

తరువాత మూతలు తెరవరాని చెత్తపెట్టెలు, ఆహారమును దాచు ఇనుప పెట్టెలు వచ్చినవి. గాయములు ఏడాదికి ఒకటి ప్రాంతమునకు దిగినవి. ఎలుగులు మరల అడవి తిండికి అలవాటుపడి సంఖ్యలో పెరిగినవి. తిండిని కారులోనో ఇనుప పెట్టెలోనో దాచవలెను, ఎలుగునకు, తోడేలునకు నూరు గజములు ఎడముగా ఉండవలెను అను నేటి నియమములకు పునాది ఈ కథయే.

నీలి గుండము పసుపెక్కుట

మార్నింగ్ గ్లోరీ అను వేడినీటి గుండము ఒకప్పుడు స్వచ్ఛమైన నీలివర్ణముతో పువ్వువలె ఉండెడిది. 1971 వరకు ప్రధానమైన రోడ్డు దాని ప్రక్కనుండియే పోయినది. కారు దిగి రెండడుగులు వేసినచో గుండము. దిగినవారు ఊరకుండలేదు, నాణెములు, రాళ్ళు, కొయ్యలు అందులో వేసినారు. 1950లో గుండములోని నీటిని చిమ్మించి శుభ్రము చేసినప్పుడు నాణెములతోపాటు చేతిరుమాళ్ళు, తువాళ్ళు కూడ వెలువడినవి.

ఈ వస్తువులు అడుగుననున్న రంధ్రమును అడ్డగించినవి. క్రిందినుండి వచ్చు వేడినీరు తగ్గి గుండము చల్లబడినది. అధికమైన వేడిలో బ్రతుకలేక అంచులకే పరిమితమై యుండిన పసుపు, నారింజ వర్ణపు సూక్ష్మజీవులు లోపలికి వ్యాపించినవి. నీలిరంగు కుదించుకొనిపోయినది. ఒక్కొక్కరు వేసినది ఒక్కొక్క నాణెమే. చెడినది మాత్రము తిరిగిరాని వస్తువు.

ఆ వేడినీటిలో ఏమున్నదో అప్పటికి తెలియదు. 1964 వేసవిలో థామస్ బ్రాక్ అను సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు పడమటి తీరమునకు కారులో పోవుచు ఎల్లోస్టోన్‌లో ఆగినాడు. వేడి కాలువలలోని రంగులు ప్రాణములని గుర్తించి, మరల మరల వచ్చి పరిశోధించినాడు. 1966లో 70 డిగ్రీల వేడిలో పెరుగు ఒక బాక్టీరియాను ఆయనయు, ఆయన శిష్యుడు హడ్సన్ ఫ్రీజును వేరుచేసినారు; 1969లో దానికి థెర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టినారు. 1980లలో ఈ జీవినుండి తీసిన, వేడికి చెడని ఎంజైము సహాయముతో డి.ఎన్.ఎ. ముక్కలను లక్షలాదిగా పెంచు పి.సి.ఆర్. పద్ధతి సులభమైనది. 2020లో కోవిడ్ వ్యాధిని గుర్తించుటకు లోకమంతట జరిగిన పరీక్షలకు ఆధారము ఈ పద్ధతియే. నాణెములు పడిన నీటివంటి నీటిలోనే అంత నిధి ఉన్నది.

నేటి ప్రణాళిక

1915లో ఎల్లోస్టోన్ చూచినవారు సుమారు 52 వేలు. 1948లో ఆ సంఖ్య 10 లక్షలు దాటినది. 2021లో 48 లక్షలు మించినది. చుట్టు దారి మాత్రము కింగ్‌మన్ గీసిన ఎనిమిదియే. కావున నేటి కుటుంబము తెల్లవారకముందే బయలుదేరుట, విడిది నెలల ముందుగా కోరుట తప్పనిసరి. గంటకు 45 మైళ్ళకు మించరాదు. దున్నలమంద రోడ్డు మీదికి వచ్చినచో గంటసేపు నిలువవలసివచ్చును. శీతకాలమున ఉత్తరపు దారి తప్ప మిగిలిన రోడ్లు మంచుచేత సామాన్య వాహనములకు మూసియుండును. 2022 జూన్‌లో వచ్చిన వరద ఆ ఉత్తరపు దారినే కొట్టుకొనిపోయినది. వనమునంతను కొన్నిదినములు మూసివేసినారు. ప్రణాళికలో ఒకటి రెండు దినములు ఖాళీగా ఉంచుకొనుట మేలని ఆ వరద నేర్పినది. కొయ్యబాటలు వదలి నడువరాదు. పలుచని నేల క్రింద మరుగు నీరుండును.

మన నల్లమల అడవిలోను ఇదే ప్రశ్న ఎదురైనది. శ్రీశైలము పోవు దారి పులుల అభయారణ్యము గుండా సాగుటచేత, రాత్రివేళ వాహనములను ఆపు నియమము పెట్టినారు. గేటు దగ్గర ఆగవలసివచ్చిన కుటుంబమునకు విసుగు కలుగుట సహజము. కాని ఆ వేళలో దారి దాటుచున్నది ఏ దుప్పియో, ఏ చిరుతయో కావచ్చును. బయలుదేరుటకు ముందు ఇంటివద్దనే ఆ గంటలను లెక్కలో వేసికొన్నవారికి విసుగును లేదు, అడవికి హానియు లేదు. 1915లో గడియారము సరిచూచుకొని ఎల్లోస్టోన్ ద్వారమున నిలిచిన కుటుంబము చేసినదియు ఇంతే.